సూర్యకాంతి పుష్పకం: ఇంకా లొంగని పరాగకోశ నాళం

పొద్దుతిరుగుడు (సూర్యకాంతి) పువ్వుగా మనకు కనిపించేది నిజానికి ఒక శీర్షం, అంటే పుష్పకాలనే చిన్న పువ్వుల గుంపు. ఒక్కో పుష్పకంలో పుప్పొడి ఉండే ఐదు పరాగకోశాలు అంచులు కలిసి గొట్టంలా ఏర్పడతాయి; అదే పరాగకోశ నాళం. దానిని విప్పబోతే ఈసారి కూడా చిరిగిపోయింది. ఐదు పరాగకోశాలూ అతుకు చెడకుండా ఒకే పట్టీగా స్లైడు మీద పరుచుకోవాలన్నది నా పట్టుదల. అవి మాత్రం ప్రతిసారీ మూడు ఒకవైపు, రెండు మరొకవైపు విడిపోతున్నాయి.

నాళం పొడవు దాదాపు 5 మిల్లీమీటర్లు, వెడల్పు ఒక మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. పరాగకోశాలను మోసే కాడలు, అంటే కేసరదండాలు, విడివిడిగానే ఉంటాయి కనుక వాటిని మొదట్లో కోసి నాళాన్ని బయటికి తీయడం కష్టమేమీ కాదు. చిక్కంతా దానిని నిలువునా చీల్చి విప్పేటప్పుడే వస్తోంది. ఈ పరాగకోశాలు విడివిడిగా పుట్టి, ఎదిగే క్రమంలో పక్క అంచుల వద్ద ఒకదానికొకటి అంటుకున్నవి; ఆ అతుకు గోడకన్నా బలహీనం. 70 శాతం ఆల్కహాలులో నిల్వ ఉంచిన పుష్పకాలు మరీ పెళుసుబారాయి. గ్లిజరిన్ కలిపిన నీటిలో రాత్రంతా నానినవి కొంత మెత్తబడ్డాయి గాని, సూదితో అంచును వంచగానే రెండో అతుకు దగ్గర విడిపోయాయి.

నా అనుమానమంతా పుష్పకం వయసు మీదే ఉంది. పరాగకోశాలు లోపలివైపుకు పగిలి పుప్పొడిని నాళంలోకే వదులుతాయి. అండాశయం నుంచి పైకి పెరిగే కాడ అయిన కీలం, పుప్పొడిని అందుకునే తన కొన (కీలాగ్రం) రెండు శాఖలనూ ఇంకా మూసుకొనే, ఆ పుప్పొడిని పైకి నెట్టుకొస్తుంది. ఆ దశలో కీలం నాళం నిండా బిగుసుకొని ఉంటుంది, పగిలిన గోడలేమో పలచబడి ఉంటాయి. పుప్పొడి పైకి కనిపించే పుష్పకాన్ని విప్పబోతే అతుకులు నిలవకపోవడానికి ఇదే కారణమై ఉండాలి.

ముళ్లున్న పుప్పొడి రేణువులు 400 రెట్ల వద్ద స్పష్టంగా కనిపించాయి, నిమ్న అండాశయం (ఆకర్షణపత్రాలకు దిగువన ఉండే అండాశయం) అడుగున ఉన్న ఒకే ఒక్క అండమూ చక్కగా కోతకు దొరికింది. ఇంత సన్నని పనికి స్కాల్పెల్ కన్నా ఫెదర్ కంపెనీ రెండంచుల బ్లేడే మేలని నా అభిప్రాయం. పట్టకారుల్లో డూమాంట్ కంపెనీ సన్న మొనల 5 నంబరుకు సాటి వచ్చేది నా చేతికి ఇంకా తగలలేదు.

శీర్షంలో పుష్పకాలు అంచు నుంచి మధ్యకు వరుసగా విచ్చుకుంటాయి కాబట్టి అన్ని వయసులవీ ఒకేచోట దొరుకుతాయి. ఈసారి పుప్పొడి చూపుతున్న వలయానికి రెండు మూడు వరుసలు లోపల, ఆకర్షణపత్రాల ఐదు కొనలూ ఇంకా మూసుకొని ఉన్న మొగ్గలను తీసుకొని, ఆల్కహాలు జోలికి పోకుండా తాజాగానే, కింది నుంచి వెలుగు పెట్టి అతుకు గీత వెంటే కోయాలనుకుంటున్నాను. అది కుదిరితే తర్వాతి వంతు పొద్దుతిరుగుడు కుటుంబానికే చెందిన సెంటారియా మొక్కది. తాకగానే దాని కేసరదండాలు కుంచించుకొని నాళాన్ని కిందికి లాగడం, కీలం కొన మీద పుప్పొడి పైకి రావడం కటకం కింద వీడియో తీయాలని ఉంది.