పీపీలకి ట్రైనింగ్ ఇచ్చారు సరే, కోర్టులో ఏం మారింది?

ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్లకి (పీపీలకి) ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు రెండ్రోజుల ట్రైనింగ్ పెట్టారు. అది పనికొచ్చిందో లేదో చూసి రిపోర్ట్ రాసిమ్మని నన్ను అడిగారు. సంస్థ పేరు, జిల్లాల పేర్లు ఇక్కడ చెప్పను, ముందే అలా అనుకున్నాం. కానీ ఆ పని చేస్తున్నంతకాలం బుర్రలో తిరిగిన సంగతులు ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా, రిపోర్ట్‌లో పెడితే "కొంచెం ఫార్మల్‌గా ఉంచండి మేడమ్" అని వెనక్కి పంపిస్తారు.

మొదట నా చేతిలో పెట్టింది ఫీడ్‌బ్యాక్ ఫారాల కట్ట. దాదాపు అందరూ "ఎక్సలెంట్" మీద టిక్ పెట్టారు. పెట్టరా మరి, భోజనం బాగుండి, ఏసీ పనిచేసి, రెండో రోజు సాయంత్రం బస్సు టైముకి వదిలేస్తే నేనైనా పెడతాను. ట్రైనింగ్‌లని కొలిచేవాళ్లు ఎక్కువగా వాడేది డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు: వచ్చినవాళ్లకి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం మారిందా. మన దగ్గర మొదటి మెట్టు మీదే కూర్చుని టీ తాగేసి లేచిపోతాం. మహా అయితే ముందొక టెస్టు, తర్వాత ఒక టెస్టు పెట్టి మార్కులు పెరిగాయి అంటాం. లాయర్లకి సెక్షన్ల మీద టెస్టు పెడితే మార్కులు పెరక్కేం చేస్తాయి.

ఈ కేసులన్నీ హేట్ క్రైమ్ కిందికే వస్తాయి, అంటే బాధితుడి గుర్తింపు మీద ద్వేషంతో చేసే నేరం. అసలు ఆ పేరుతో దేశం మొత్తానికీ వర్తించేలా విడిగా ఒక చట్టం లేదు. ఉన్నవాటిలో దానికి బాగా దగ్గరగా వచ్చేది 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమే. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక 103(2) అని ఒక సెక్షన్ చేరింది, ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి జాతి, కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో మనిషిని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం అని. ఆ జాబితాలో మతం అనే మాట నేరుగా లేదు, "వ్యక్తిగత విశ్వాసం" అన్న దాంట్లోనో చివర్లో "అలాంటి మరే కారణం" అన్న దాంట్లోనో వెతుక్కోవాలి, ఎందుకలా రాశారో రాసినవాళ్లకే తెలియాలి.

యూరప్‌లో ఈ పని చాలాకాలంగా చేస్తున్నది వార్సాలో ఉన్న ఓఎస్‌సీఈ (యూరప్ భద్రత, సహకార సంస్థ) మానవ హక్కుల ఆఫీసు. వాళ్లు 2014లో అంతర్జాతీయ ప్రాసిక్యూటర్ల సంఘంతో కలిసి ఒక గైడ్ కూడా వేశారు. వాళ్లు చెప్పే లెక్క చాలా సింపుల్: ఒక నేరం జరగాలి, దాన్ని చేయించిన కారణాల్లో బాధితుడి గుర్తింపు మీద పక్షపాతం ఉండాలి. మొదటిది ఎలా నిరూపించాలో ఏ ప్రాసిక్యూటర్‌కైనా తెలుసు. తిప్పలన్నీ రెండోదానితోనే.

ఇది ట్రైనింగ్‌లో చెప్పడానికి మన సంస్థ వాళ్లు ఎంచుకున్న కేసు మనందరికీ తెలిసిందే, శ్రీనివాస్ కూచిభొట్ల కేసు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సాస్‌లోని ఒలేథాలో ఒక బార్‌లో ఆయన్ని కాల్చి చంపారు, పక్కనే ఉన్న స్నేహితుడు కూడా తెలుగువాడే, గాయాలతో బతికాడు. అప్పుడు మన ఛానెళ్లు రోజుల తరబడి చూపించాయి. తర్వాత కోర్టులో ఏం జరిగిందన్నది మాత్రం మనలో ఎక్కువమంది పట్టించుకోలేదు. కాల్చినవాడు స్టేట్ కోర్టులో హత్యకి నేరం ఒప్పుకున్నాడు, 2018 మేలో యావజ్జీవం పడింది. అక్కడితో ఆపేయొచ్చు కదా, ఆపలేదు. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు హేట్ క్రైమ్ కింద విడిగా కేసు నడిపించారు, అందులోనూ ఒప్పుకున్నాడు, ఆగస్టులో మరో శిక్ష పడింది. ద్వేషంతోనే చేశాడనడానికి వాళ్ల దగ్గరేముంది? కాల్చడానికి ముందు వీళ్లని ఏ దేశం, ఏ వీసా అని నిలదీయడం, "నా దేశం నుంచి పొండి" అనడం, పారిపోయాక వేరే ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో కూర్చుని ఇరానీలని కాల్చానని చెప్పడం. అన్నీ మాటలే. ఎవరితో అన్నాడు, ఎక్కడ అన్నాడు, ఎవరు విన్నారు అన్నవి పక్కాగా రాసిపెట్టి ఉన్నాయి కాబట్టే అవి సాక్ష్యం అయ్యాయి.

ఇప్పుడు మన ఫైల్ తెరవండి.

"ముద్దాయి నన్ను కులం పేరుతో దూషించి, నీ అంతు చూస్తానని బెదిరించినాడు." ఫిర్యాదుదారు స్టేట్‌మెంట్‌లో ఇదే వాక్యం, రెండో సాక్షి దగ్గర ఇదే వాక్యం, ఐదో సాక్షి దగ్గరా ఇదే, కామా కూడా మారదు. అక్కడ ఏ మాట అన్నాడో లేదు. ఇంట్లోనా, వాకిట్లోనా, రోడ్డు మీదా అన్నది లేదు. అప్పుడు అక్కడ ఎవరెవరున్నారో లేదు. అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో అవమానించడం, తిట్టడం గురించి ఉన్న 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లకి "జనం కంటపడే చోట" అన్నది ప్రాణం. ఇంటి ముందు, బయటివాళ్లు ఉన్నప్పుడు తిడితే అది వర్తిస్తుందని సుప్రీం కోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగితే వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో చెప్పింది. అంటే వాకిలికి ఇవతలా అవతలా అన్న దాని మీద కేసు నిలబడుతుంది లేదా పడిపోతుంది, ఆ వాకిలి ఊసే స్టేట్‌మెంట్‌లో ఉండదు. తర్వాత బోనులో ఆ మనిషి "ఇంటి ముందే సార్, అందరూ చూశారు" అంటే డిఫెన్స్ లాయర్‌కి పండగే, పోలీసుల ముందు ఈ ముక్క చెప్పలేదే, ఇప్పుడు కల్పించి చెబుతున్నావు అని.

ట్రైనింగ్‌లో నాకు నచ్చిన భాగం ఇదే. అలాంటి ఒక చార్జిషీట్, పేర్లు కొట్టేసి, చేతికిచ్చి "కోర్టులో వేసేముందు మీ దగ్గరికి ఒపీనియన్‌కి వచ్చింది, ఏం రాసి వెనక్కి పంపుతారు?" అని అడిగారు. హాలు మొత్తం మొదటిసారి నిద్ర లేచింది. ఒక సీనియర్ పీపీ గారు టీ టైములో నాతో అన్నారు, "మేడమ్, సెక్షన్లు మాకు చెప్పొద్దు, రోజూ చూసేవే. రాజీ పడిపోయి వచ్చిన సాక్షి నోరు ఎలా తెరిపించాలో చెప్పండి, డీఎస్పీ గారికి కోపం రాకుండా చార్జిషీట్ ఎలా వెనక్కి పంపాలో చెప్పండి." ఆ రెండో ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ కేసుల్లో దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ, అరవై రోజుల్లో చార్జిషీట్ వేయాలి, యాభై ఎనిమిదో రోజు కోర్టు కానిస్టేబుల్ ఫైల్ పట్టుకొచ్చి "సార్ సంతకం" అంటే పీపీ ఏం చేస్తాడు.

చట్టం ఎక్కడ జారుతుందో చూపించడానికి వాళ్లు వాడిన రెండో కేసు మన ఆంధ్రదే, పటాన్ జమాల్ వలీ కేసు, 2021 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు తీర్పు. పుట్టు అంధురాలైన దళిత యువతి మీద 2011లో జరిగిన అత్యాచారం. అత్యాచారానికి వేసిన యావజ్జీవాన్ని కోర్టు అలాగే ఉంచింది, అట్రాసిటీ చట్టం కింద వేసిన శిక్షని మాత్రం కొట్టేసింది. అప్పటి చట్టంలో 3(2)(వి) కింద ఆ కులం మనిషి "అన్న కారణంతో" నేరం చేసినట్టు చూపించాలి, దానికి ప్రాసిక్యూషన్ విడిగా సాక్ష్యం పెట్టలేదంది కోర్టు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది "ఆ కులం అని తెలిసి" అయింది, నిందితుడికి ఆ కుటుంబంతో పరిచయం ఉంటే కాదని నిరూపిస్తే తప్ప కులం తెలుసనే కోర్టు అనుకోవాలని 8(సి) కూడా చేరింది, కానీ 2011 నాటి నేరానికి ఇవి పనికిరావు. ఇంకో విషయం, అదే తీర్పులో, వైకల్యం ఉన్న బాధితుల కేసులని ఎలా నడపాలో జడ్జీలతో పాటు పబ్లిక్ ప్రాసిక్యూటర్లకి కూడా ట్రైనింగ్ ఉండాలని కోర్టు చెప్పింది. కాబట్టి ట్రైనింగ్ దండగ అనేవాళ్లతో నేను కలవను. ఎలా ఇస్తున్నాం, ఏం అడుగుతున్నాం అన్నదే నా పేచీ.

శిక్షల శాతం పెరిగిందా అని మాత్రం అడగొద్దని సంస్థ వాళ్లకి మొదటి మీటింగ్‌లోనే చెప్పాను. వాళ్లకి నచ్చలేదు, డబ్బులిచ్చేవాళ్లకి గ్రాఫ్ కావాలి. కానీ చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులని చంపారు. ఊళ్లోనే స్పెషల్ కోర్టు పెట్టించుకున్నారు, బాధితులు నమ్మిన లాయర్ బి. చంద్రశేఖర్ గారిని స్పెషల్ పీపీగా వేయించుకున్నారు, 2007 జులైలో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కాగితాలు అవే, సాక్షులు వాళ్లే. శిక్షల శాతంతో కొలిస్తే ఆ ప్రాసిక్యూటర్ 2007లో గొప్పవాడు, 2014లో చేతకానివాడు అయిపోతాడు, ఇదేం లెక్క?

అందుకని నేను పీపీ చేతిలో ఉన్న పనినే చూశాను, ట్రైనింగ్‌కి ముందువీ తర్వాతవీ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని. బెయిల్ దగ్గర తేడా వెంటనే కనపడింది. అట్రాసిటీ చట్టం 15ఎ సెక్షన్ ప్రకారం బెయిల్ విచారణ గురించి బాధితులకి తెలియజేయాలి, వాళ్ల మాట వినాలి, ఇది తప్పనిసరి అని 2021లో హరిరామ్ భంభీ కేసులో సుప్రీం కోర్టు కూడా తేల్చింది. ముందటి ఆర్డర్లలో "పీపీ వ్యతిరేకించారు" అని ఒక్క ముక్క ఉండేది, తర్వాతి వాటిలో బాధితురాలు కోర్టుకి వచ్చినట్టు, నిందితుడి బంధువులు ఇంటికొచ్చి రాజీకి ఒత్తిడి చేస్తున్నారని చెప్పినట్టు కనపడుతోంది. ఇది పూర్తిగా పీపీ చేతిలో పని, ఎవరినీ బతిమాలక్కర్లేదు, అందుకే మారింది. చీఫ్ ఎగ్జామినేషన్‌లో, అంటే పీపీ తన సాక్షిని తనే ప్రశ్నించే చోట, కొద్దిగా మారింది. కోర్టు రాసుకున్న ఒక సాక్ష్యంలో (డిపాజిషన్) సాక్షిని వరసగా అడిగారు, నువ్వు ఎక్కడ నిలబడ్డావు, నీ పక్కన ఎవరున్నారు, అతను అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు, అతనికి మీ కులం ఎలా తెలుసు అని. ఆమె "మా నాయిన వాళ్ల పొలంలోనే జీతం ఉండేవాడు" అంది. 8(సి)కి ఇంతకంటే ఏం కావాలి! అదే పీపీ గారి పాత ఫైల్లో కులం గురించి ఉన్నదంతా ఎమ్మార్వో ఇచ్చిన సర్టిఫికెట్ ఒక ఎగ్జిబిట్‌గా మార్క్ చేయడమే. చార్జిషీట్లు వెనక్కి పంపడంలో మాత్రం ఏమీ మారలేదు. పంపాలంటే ఎదురుగా ఉన్నది డీఎస్పీ, ఆయన ఆ ట్రైనింగ్‌లో లేడు.

ఇంకో చిక్కు ఏంటంటే మనుషులు నిలవరు. స్పెషల్ పీపీ అంటే ఏడేళ్లకి తగ్గకుండా ప్రాక్టీసు ఉన్న అడ్వకేట్‌ని ప్రభుత్వం వేసుకునే పోస్టు, గడువు అయిపోతుంది, ప్రభుత్వం మారుతుంది, కొత్తాయన వస్తాడు. నేను ఫోన్ చేసేసరికే కొందరు "నేనిప్పుడు డిఫెన్స్ చేస్తున్నానండీ" అన్నారు. ట్రైనింగ్ వృథా కాలేదు లెండి, అటువైపు వాళ్లకి ఉపయోగపడుతుంది! పైగా చట్టం చార్జిషీట్ పడ్డాక రెండు నెలల్లో విచారణ పూర్తిచేయాలంటుంది, నిజంగా నడిచేది ఏళ్ల తరబడి, కాబట్టి ట్రైనింగ్ తర్వాత మొదలైన కేసులో తీర్పు వచ్చేదాకా ఆగి కొలుద్దామంటే నేను రిటైరైపోతాను.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది అట్రాసిటీ చట్టం కింద వచ్చిన 1995 రూల్స్‌లో నాలుగో రూలు. స్పెషల్ పీపీల పనితీరుని జిల్లా కలెక్టరు, ప్రాసిక్యూషన్ అధికారి కలిసి ఏడాదికి కనీసం రెండుసార్లు, జనవరిలో, జులైలో, రివ్యూ చేసి ప్రభుత్వానికి రిపోర్ట్ పంపాలని అందులో ఉంది. అంటే మూల్యాంకనం అనేది చట్టంలోనే కూర్చుని ఉంది, బయటినుంచి నాలాంటివాళ్లని పిలిచి డబ్బులివ్వక్కర్లేదు. అడిగితే "జరుగుతాయండీ" అన్నారు. ఒక చోట మినిట్స్ చూపించారు, ఎన్ని కేసులు పెండింగ్, ఎన్నిట్లో శిక్ష, ఎన్ని కొట్టేశారు, అంతే. కొట్టేసినవాటిలో ఎందుకు కొట్టేశారో ఒక్క లైను లేదు.

కాబట్టి రిపోర్ట్‌లో మూడు అడిగాను. కొట్టేసిన ప్రతి కేసులో జడ్జి గారు ఏ కారణం రాశారో ఒక పట్టిక చేసి జనవరి, జులై రివ్యూల్లో పెట్టమని. వచ్చేసారి పీపీలు, డీఎస్పీలు ఒకే హాల్లో, ఒకే చార్జిషీట్ ముందు కూర్చోవాలని. ట్రైనర్లుగా రిటైర్డ్ అధికారుల బదులు ఇప్పుడు కోర్టులో కేసులు నడుపుతున్న పీపీలే ఉండాలని, ఎందుకంటే నల్లకోటు మాట నల్లకోటే వింటుంది. మూడోదానికి వెంటనే సరే అన్నారు. పట్టిక సంగతి ప్రాసిక్యూషన్ వాళ్లతో మాట్లాడతామన్నారు. డీఎస్పీల మాట ఎత్తగానే "అది హోం డిపార్ట్‌మెంట్ నుంచి రావాలి మేడమ్" అన్నారు. ఫీడ్‌బ్యాక్ ఫారం కూడా మార్చమన్నాను, "ట్రైనింగ్ ఎలా ఉంది" తీసేసి "వచ్చే వాయిదాకి మీ కేసులో ఏ సాక్షిని ఏ ప్రశ్న అడుగుతారు" అని పెట్టమని. దానికి టిక్ పెట్టే గడి ఎక్కడ పెట్టాలని అడిగారు.