ఫిలాసఫీ ఆప్షనల్: దైవాన్ని మాటల్లో చెప్పడం గురించిన మధ్యయుగ వాదాన్ని నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌లో ఫిలాసఫీని ఆప్షనల్‌గా ఎంచుకుని తెలుగులో జవాబులు రాయదలచిన మిత్రులకు, రెండో పేపర్‌లోని మతభాష స్వభావం అనే అంశం గురించి నా అనుభవం చెబుతాను. నేను చూసిన నోట్సుల్లో మైమోనిడీస్‌కు ఒక పేరా, 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త అక్వినాస్‌కు ఒక పేరా విడివిడిగా ఉండేవి. రెండోవాడు మొదటివాడికి ఇచ్చిన జవాబుగా చదివినప్పుడే ఈ అంశం నాకు పట్టుబడింది.

12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ కొర్దోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడ్డాడు. దేవుడికి జ్ఞానం, శక్తి వంటి గుణాలను ఆపాదిస్తే ఆయన ఏకత్వానికి భంగం కలుగుతుందని భావించి, దైవాన్ని గురించి ‘ఇది కాదు’ అనే నిషేధ వాక్యాలనే అంగీకరించాడు. తక్కిన విశేషణాలు ఆయన చేసే పనులను మాత్రమే తెలుపుతాయన్నాడు.

సుమారు 1265లో ‘సుమ్మా థియొలాజికా’ అనే గ్రంథాన్ని మొదలుపెట్టిన అక్వినాస్, అందులోని మొదటి భాగం 13వ ప్రశ్నలో మైమోనిడీస్‌ను పేరుతోనే ప్రస్తావించి ఖండించాడు. ‘దేవుడు మంచివాడు’ అంటే మంచికి కారణమని మాత్రమే అర్థమైతే, శరీరాలకూ ఆయనే కారణం కాబట్టి ‘దేవుడు శరీరం’ అని కూడా అనవలసి వస్తుంది. పైగా ‘దేవుడు సజీవుడు’ అనే విశ్వాసి కేవలం ఆయన నిర్జీవ వస్తువు కాడని చెప్పడానికి ఆ మాట అనడు. ఈ రెండు ఆక్షేపణలలో ఉన్న బలం నన్ను చాలాకాలం వెంటాడింది. అక్వినాస్ పరిష్కారం సాదృశ్యం: ‘ఆరోగ్యకరం’ అనే మాట ప్రాణికీ, ఆరోగ్యాన్ని కలిగించే మందుకూ ఒకే అర్థంలోనూ కాక, పొంతనలేని అర్థాల్లోనూ కాక, పరస్పర సంబంధంతో వర్తిస్తుంది; ‘మంచి’ అనే మాట దేవుడికీ సృష్టికీ అలాగే వర్తిస్తుందంటాడు. మంచితనం అసలు దేవుడిదే అయినా, దాన్ని చెప్పే మన పద్ధతి మాత్రం సృష్టిలోని వస్తువులనుంచి వచ్చిందని ఆయన జాగ్రత్తగా విడదీస్తాడు. జవాబులో ఈ విభజన తప్పక రావాలని నా నమ్మకం.

విమర్శకు అక్వినాస్ తరువాతి తరం క్రైస్తవ తత్త్వవేత్త డన్స్ స్కోటస్ సరిపోతాడు: దేవుడికీ సృష్టికీ ఒకే అర్థంలో ఉమ్మడిగా వర్తించే భావన ఒక్కటైనా లేకుంటే సాదృశ్యం కూడా నిలవదని ఆయన వాదం.

ఉపనిషత్తుల్లోని ‘నేతి నేతి’ (ఇది కాదు, ఇది కాదు)తో పోలిక రాసేవారు ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. అద్వైతంలో ఆ నిషేధం ఆత్మకూ బ్రహ్మానికీ అభేదాన్ని చూపడానికి దారి తీస్తుంది. మైమోనిడీస్ నిషేధం సృష్టికర్తను సృష్టినుంచి పూర్తిగా వేరుగా నిలుపుతుంది.

‘సుమ్మా’ 13వ ప్రశ్నలో 12 ఆర్టికల్స్ (ఉపవిభాగాలు) ఉన్నాయి. సమయం తక్కువగా ఉన్నవారు 2, 3, 5 ఆర్టికల్స్‌ను మూలగ్రంథం అనువాదంలోనే చదవడం మంచిది.