గువ్వకు లైసెన్స్ కావాలి, డబ్బాకు అక్కర్లేదు

డెన్వర్ నుంచి ఉత్తరంగా గ్రీలీ దాటి, ఆల్ట్ అనే చిన్న ఊళ్లో 14వ నంబరు రోడ్డెక్కి తూర్పుకు మళ్లితే, కొలరాడో అనగానే మనవాళ్లు ఫోటోలు దిగే మంచుకొండలన్నీ వెనక అద్దంలోకి పోతాయి. ముందు మిగిలేది గడ్డి, గాలి, అక్కడక్కడా ఆవులు, చమురు తోడే పంపులు. పావ్‌నీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అంటే ఇదే. దాదాపు 1,93,000 ఎకరాలు. చెట్టన్నది వెతికితే గానీ దొరకని ఈ నేలను చూసుకునేది మాత్రం ఫారెస్ట్ సర్వీస్, అంటే ఫెడరల్ అడవుల శాఖ! 1930లలో ఇక్కడ దుమ్ము తుఫాన్లు లేచి, దున్నిన మట్టంతా గాలికి కొట్టుకుపోయింది. రైతులు చేతులెత్తేసి వెళ్లిపోతే ఆ పొలాలను ప్రభుత్వం కొనుక్కుంది. 1960లో నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అని పేరు పెట్టింది. అమ్మనివాళ్లు అమ్మలేదు. అందుకే మ్యాప్‌లో చూస్తే అతుకుల బొంతలా ఉంటుంది, ఒక ముక్క సర్కారుది, పక్క ముక్క ఎవరో రైతుది. కొలరాడోలో ప్రైవేటు నేల మీద వేటాడాలంటే బోర్డు ఉన్నా లేకపోయినా యజమానిని అడగాల్సిందే. కంచె లేదు కదా అని అడుగేస్తే కేసే. ఫోన్‌లో హద్దులు చూసుకుంటూ నడవడం ఇక్కడ మొదటి పని.

సెప్టెంబర్ 1న గువ్వల సీజన్ మొదలవుతుంది. మొదటి వారం హడావుడి తగ్గాక బయల్దేరాం. నాతో వచ్చింది మా ఆఫీసులో పనిచేసే వనపర్తి కుర్రాడు. హెచ్1బీ మీద ఉన్నాడు. నిజానికి వాడికి వేట మీద మోజు లేదు. కాగితం మీద గీసిన గుండ్రాలను కొట్టాలన్నదే సరదా. అయితే చిక్కు ఏమిటంటే, నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతపట్టడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దెకు తీసుకున్నా అంతే. ఆ చట్టంలో ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని వేట లైసెన్స్ దగ్గర ఉండటం. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. లాస్ వేగాస్ వెళ్లి మెషిన్‌గన్ పట్టుకుని వీడియోలు దిగి ఇన్‌స్టాలో పెట్టే స్టూడెంట్ వీసా పిల్లల్ని చూస్తే నాకు గుండె జారిపోతుంది.

కాగితం కొట్టడం కోసం మావాడు వేటగాడి అవతారం ఎత్తాల్సి వచ్చింది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లెవరైనా హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పాసైతేనే వేట లైసెన్స్ ఇస్తారు. క్లాసులో కూర్చున్నాడు, పరీక్ష రాశాడు, స్మాల్ గేమ్ లైసెన్స్, అంటే పిట్టల్లాంటి చిన్నవాటిని వేటాడే లైసెన్స్, తీసుకున్నాడు. "అన్నా, డ్రైవింగ్ లైసెన్స్‌కు కూడా ఇంత చదవలేదు" అన్నాడు కారులో. గువ్వల రూల్సు నాకు ఒప్పజెప్పుకుంటూ వచ్చాడు. షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ పెట్టాలి. రోజుకు 15 పిట్టలు. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టొచ్చు, సూర్యాస్తమయానికి ఆపాలి.

తెల్లవారేసరికి ఒక గాలిమర దగ్గర కూర్చున్నాం. దాని కింద పశువులు తాగే ఇనుప నీళ్ల తొట్టి. చుట్టూ అడవి పొద్దుతిరుగుళ్లు. గింజకూ నీళ్లకూ గువ్వలు అక్కడికి వస్తాయి. తొట్టిని దగ్గరగా చూస్తే ఒక పక్కన వరసగా బోల్టులు బిగించి ఉన్నాయి, ఒక్కోదాని కింద నల్ల రబ్బరు వాషరు. ఎవరో రైఫిల్‌తో తొట్టినే గురి చేసుకుంటే, పశువుల రైతు ఒక్కో చిల్లూ ఇలా పూడ్చుకున్నాడన్నమాట. కింద ఇంకో చిల్లు నుంచి నీళ్లు సన్నగా కారుతూ నేలంతా బురద.

మిగతా వేటగాళ్లకు కనబడేలా మావాడికి నారింజ రంగు చొక్కా, టోపీ తగిలించాను. పిట్టల వేటకు అది తప్పనిసరి కాదు. జింకలు, ఎల్క్‌ల (పెద్ద జాతి జింకలు) రైఫిల్ సీజన్లలో మాత్రం నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు, తల మీద అదే రంగు ఉండి తీరాలి. 2016 నుంచి గులాబీ రంగునూ ఒప్పుకుంటున్నారు. జింకల కళ్లకు ఆ నారింజ మనకు కనిపించినట్టు కనబడదు. గువ్వలకు రంగులు బాగానే తెలుస్తాయి, అందుకే పిట్టలవాళ్లు వేసుకోరు. నా మటుకు నాకు రెండు గువ్వలు తగ్గినా ఫరవాలేదు.

ఎండ కాస్త ఎక్కాక గువ్వ ఒకటి ఎడమ నుంచి కిందుగా, గడ్డిని ఒరుసుకుంటూ వచ్చింది. మావాడు తుపాకీ భుజానికెత్తి దానితోపాటే తిప్పుకుంటూ పోయి, సగంలో ఆగి గొట్టం పైకెత్తేశాడు. గువ్వ వెళ్లిపోయింది. అది వెళ్లిన వైపు, కాస్త దూరంలో, మట్టిరోడ్డు మీద ఒక పికప్ దుమ్ము లేపుకుంటూ పోతోంది. షాట్‌గన్ వెదజల్లే చిన్న రవ్వలు అంతదూరం పోయి ఏమీ చెయ్యవు, రెండొందల గజాలు దాటితే రాలిపోతాయి. అయినా వాళ్ల క్లాసులో నేర్పింది అదే: పిట్ట వెనక ఆకాశం కనిపిస్తేనే ట్రిగ్గర్ మీద వేలు. పది దాటేసరికి వాడి సంచిలో నాలుగు పిట్టలు.

అక్కడి నుంచి బేకర్ డ్రా వెళ్లాం. అది ఈ మైదానంలో గురి సాధన కోసం కేటాయించిన చోటు. ఎదురుగా తూటాలను ఆపే మట్టికట్ట, కింద ఖాళీ తూటా తొడుగులు, గాల్లోకి విసిరి కొట్టే క్లే బిళ్లల పగిలిన ముక్కలు. కాపలాదారు ఎవరూ ఉండరు. అక్కడున్నవాళ్లే మాట్లాడుకుని నడుపుకోవాలి. కాగితాలు మార్చాలంటే ఎవరో ఒకరు "లైన్ కోల్డ్" అని అరుస్తారు. అందరూ తూటాలు తీసేసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌లో రంగు ప్లాస్టిక్ జెండా దోపి, చేతులు తీసి వెనక్కి జరుగుతారు. ఆ తర్వాతే ఒక్కరైనా ముందుకు నడిచేది. పక్కన ఒక తండ్రి తన కూతురికి .22 అనే చిన్న రైఫిల్ నేర్పుతున్నాడు. ఆ బుల్లి తూటాల డబ్బా మీదే రాసి ఉంటుంది, ఒకటిన్నర మైళ్లు పోగలదని. అంటే 2.4 కిలోమీటర్లు. కట్ట మీదుగా ఒక్కటి తప్పిపోతే అది ఏ ఆవుకు తగులుతుందో, ఏ గుడారానికో!

అప్పుడు వచ్చారు ఇద్దరు కుర్రాళ్లు. పికప్ ఆపి, ఒక పాత ప్రింటరు దించి, కట్టకు దూరంగా, పక్కనున్న గడ్డి మిట్ట మీద పెట్టారు. వెనక ఏమీ లేదు, ఆకాశమే. గువ్వను కొట్టే రవ్వలకు వెనక ఆకాశం ఉంటే మంచిది, దూరం పోయే రైఫిల్ తూటాకు అదే ప్రమాదం. ఒక పెద్దాయన మెల్లగా వెళ్లి వాళ్లతో ఏదో మాట్లాడి, ప్రింటరును మళ్లీ బండి ఎక్కించి, తన దగ్గరున్న కాగితం టార్గెట్లు రెండిచ్చి వచ్చాడు. గొడవేమీ జరగలేదు. కానీ ఆ పెద్దాయన ఆ రోజు రాకపోతే?

"అన్నా, గీళ్లకు లైసెన్స్ గిట్ల ఏమొద్దా?" అన్నాడు మావాడు.

వద్దు. అదే నాకు మింగుడు పడనిది. అదే నేల మీద, పిడికెడంత గువ్వను కొట్టాలంటే క్లాసు, పరీక్ష, లైసెన్స్, తూటాల లెక్క, పిట్టల లెక్క. డబ్బాను కొట్టాలంటే ఏమీ అక్కర్లేదు. ఫారెస్ట్ సర్వీస్ నిబంధనలు లేకపోలేదు: ఇంటికి, క్యాంపుకు, జనం ఉన్న చోటుకు 150 గజాల లోపు కాల్చకూడదు, రోడ్డుకు అడ్డంగా కాల్చకూడదు. కానీ అవి చదివావా అని అడిగేవాడు లేడు. 2015 జులైలో ఇదే రాష్ట్రంలో, పైక్ నేషనల్ ఫారెస్ట్‌లో, కుటుంబంతో క్యాంపు వేసుకున్న ఒకాయన ఎక్కడి నుంచో వచ్చిన తూటాకు చనిపోయాడు. 150 గజాల రూలు ఏం ఆపుతుంది?

మూసేయమందామా అంటే, అదీ అంత తేలిక కాదు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల మీద 10, 11 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పోతుంది. డబ్బాలు కొట్టేవాడు కొన్న తూటాలూ అందులో ఉన్నాయి, గువ్వలకు అతనూ మేత పెడుతున్నట్టే లెక్క. 2019లో వచ్చిన డింగెల్ చట్టం కూడా, మూయడానికి కారణం చూపిస్తే తప్ప ఫెడరల్ నేలలు వేటకు, గురి సాధనకు తెరిచే ఉండాలంటోంది. వీళ్లకూ ఒక పూట క్లాసు పెడితే బాగుండునని నా కోరిక. జరుగుతుందన్న ఆశ మాత్రం లేదు. అది లేనప్పుడు నేను నమ్మేది మట్టికట్టనే. కట్టలున్న చోట్లు పెంచి, మిగతా చోట్ల నుంచి జనాన్ని అటు మళ్లించడమే దారి.

వేటగాడికీ గురి సాధనవాడికీ చట్టం తేడా గుర్తించే చోటు ఒకటి ఉంది, నిప్పు. కరువు ముదిరి, కార్చిచ్చు భయంతో స్టేజ్ 2 ఆంక్షలు పెడితే ఇక్కడి ఫెడరల్ అడవుల్లో తుపాకీ పేల్చడం నిషిద్ధం, లైసెన్స్‌తో వేటాడేవాళ్లకు తప్ప. వేటగాడు రోజంతా తిరిగి ఒకటో రెండో పేలుస్తాడు. గురి సాధనవాడు గంటలో వంద. స్టీల్ కోర్ తూటా రాయికి తగిలితే వేడి ముక్కలు ఎండుగడ్డిలో పడతాయి. 2017లో అరిజోనాలో పేలే టార్గెట్‌ను కొట్టి, పుట్టబోయేది ఆడో మగో చాటుకోబోయిన ఒకాయన దాదాపు 47,000 ఎకరాలు తగలబెట్టాడు.

వెళ్లేముందు మావాడు తన తొడుగులతోపాటు పక్క లేన్‌లోవీ ఏరి సంచిలో పోశాడు. ఆల్ట్‌లో పెట్రోలు కొట్టించుకుంటుంటే లైసెన్స్ తీసి చూసుకున్నాడు. మార్చి 31 వరకే. "అంటే అన్నా, ఏప్రిల్ 1న నేను మీ తుపాకీ సంచి మోసినా తప్పేనా?" తప్పే. మార్చిలోనే రెన్యువల్ చేయించుకోమన్నాను, పిట్టలకు మసాలా సంగతి దారిలో మాట్లాడుకున్నాం.