టక్‌మని ఒక్క చప్పుడు

తాళం తిప్పగానే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజిన్ తిరగలేదు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది! వోల్టు మీటరు చేతిలో ఉండగా ఈ పికప్ మొరాయించడం ఇదే మొదటిసారి.

అప్పుడప్పుడూ వచ్చే లోపంతో చిక్కే అది. వెతకడానికి కూర్చుంటే బండి బుద్ధిగా స్టార్ట్ అవుతుంది.

బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. దానిది తప్పేమీ లేదు. మీటరు కొన ఒకటి బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న లోహానికి ఆనించి, తమ్ముణ్ని మళ్లీ తాళం తిప్పమన్నాను. సగం వోల్టు కూడా ఉండకూడని చోట 4 వోల్టులు!

అంటే అడ్డు ఆ రెండింటినీ కలిపే ఎర్త్ కేబుల్ దారిలోనే ఉంది. కేబుల్ పైకి నిగనిగలాడుతూనే ఉంది. బిగింపు దగ్గర తొడుగు కోసి చూస్తే లోపల రాగి పోగుల నిండా పచ్చటి చిలుము. వేలితో రుద్దితే పొడిపొడిగా రాలాయి. మిగిలిన నాలుగు పోగులు మీటరుకు చాలు, అందుకే ఊరికే కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వంద ఆంపియర్లకు పైగా లాగే స్టార్టర్‌కు ఎలా చాలుతాయి?

ఇలాంటప్పుడు బ్యాటరీ, స్టార్టర్, రిలే వరుసగా మార్పించుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. డబ్బంతా పోతుంది, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తాళం తిప్పుతుండగా ఆ ఒక్క కొలత తీసుకుంటే చాలు కదా!

కొత్త కేబుల్ బిగించాను. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే అల్లిక తీగ కూడా రేపు విప్పి చూడాలి. రెండింటికీ వయసు ఒకటే.