టికెట్టు కొట్టే చేతికి పరీక్ష ఎందుకు చేయలేదు?

2020 మార్చి నెల మొదట్లో మా బాబాయికి జ్వరం, పొడి దగ్గు వచ్చాయి. ఆయన బస్సు కండక్టరు. ఆసుపత్రిలో అడిగినవి రెండే ప్రశ్నలు: విదేశాల నుంచి వచ్చారా? కోవిడ్ సోకినవారితో కలిసి ఉన్నారా? తెలిసినంతవరకు లేదన్నారు బాబాయి. పరీక్ష అక్కర్లేదని పంపేశారు. రోజంతా వందల మంది చేతుల్లో టికెట్టు పెట్టే మనిషికి, ఎవరికి ఏ జబ్బు ఉందో ఎలా తెలుస్తుంది? ఆయన కోలుకున్నారు. కానీ ఆ వారం పిన్నికి నిద్ర లేదు.

పరీక్ష కిట్ల కొరత నిజమే, దాన్ని నేను కాదనను. మార్చి 20న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిబంధనలు సడలించి, తీవ్ర శ్వాసకోశ వ్యాధితో ఆసుపత్రిలో చేరిన అందరికీ పరీక్ష చేయమంది. ప్రైవేటు ల్యాబుల్లో అప్పటి గరిష్ఠ ధర 4,500 రూపాయలు. అందరికీ ఉచితంగా చేయాలని ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు చెప్పింది. అయిదు రోజులకే ఆ ఉచితాన్ని ఆయుష్మాన్ భారత్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం లబ్ధిదారులకు, పేద వర్గాలకు పరిమితం చేసింది.

ధర గురించి చాలా వాదించుకున్నాం. వరుసలో ముందు ఎవరుండాలన్నది మాత్రం పాస్‌పోర్టును బట్టి తేల్చేశాం. ఉన్నవి కొద్ది కిట్లే అయినా, దగ్గుతూ పనికి వెళ్లే కండక్టరుకు, కూరగాయలమ్మే మనిషికి, మందుల దుకాణం కుర్రాడికి అందులో వాటా ఉండాల్సిందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.