ఫిలడెల్ఫియా జనం, వాళ్ల మేనేజర్

ఫిలడెల్ఫియా వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా లిబర్టీ బెల్, ఇండిపెండెన్స్ హాల్ చూసి, ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద ఫొటో దిగి వచ్చేస్తారు. నేనూ అవన్నీ చూశాను, బాగున్నాయి. కానీ ఆ ఊరి మనుషులు ఎలాంటివాళ్లో నాకు అర్థమైంది మాత్రం 2018 ఏప్రిల్ 5న, సిటిజెన్స్ బ్యాంక్ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియంలో. ఆ సీజన్లో ఫిలీస్ జట్టు సొంత మైదానంలో ఆడుతున్న మొదటి మ్యాచ్ అది. కొత్త మేనేజర్ గేబ్ కాప్లర్ పేరు మైకులో చదవగానే సొంత జట్టు అభిమానులే బూ అన్నారు. అప్పటికి ఒక్క బంతి కూడా పడలేదు.

అక్కావాళ్లు ఎక్స్‌టన్‌లో ఉంటారు. ఊరికి పడమటి శివారు, తెలుగువాళ్లు బాగానే ఉన్న చోటు. మా బావకు అక్కడికి వెళ్లిన కొత్తలోనే ఈ జట్టు పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో ఎవరో రాలేకపోతే ఆ టికెట్లు రెండు తీసుకుని, సెలవు పెట్టి మరీ నన్ను బయల్దేరదీశాడు. ఎక్స్‌టన్‌లో రైలెక్కి సబర్బన్ స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి నేలకిందే నడుచుకుంటూ సిటీ హాల్ స్టేషన్‌కి వెళ్లి బ్రాడ్ స్ట్రీట్ లైన్ మెట్రో పట్టుకోవాలి. దక్షిణంగా చివరి స్టేషన్‌లో దిగి పైకొస్తే స్టేడియాలన్నీ అక్కడే, బేస్‌బాల్‌కి ఒకటి, ఫుట్‌బాల్‌కి ఒకటి, బాస్కెట్‌బాల్‌కీ ఐస్ హాకీకీ కలిపి ఒకటి.

మెట్రోలో ఎటు చూసినా ఎర్ర టోపీలు, ఎర్ర చొక్కాలు. రెండు నెలల కిందటే ఈ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈగల్స్ మొదటిసారి సూపర్ బౌల్, అంటే ఆ ఆట ఫైనల్, గెలిచింది. ఇదే బ్రాడ్ స్ట్రీట్ మీద జనసముద్రంలా ఊరేగింపు జరిగింది. ఊరంతా ఇంకా ఆ ఆనందంలోనే ఉంటుందనుకున్నాను. కానీ ఆ పెట్టెలో నా చెవిన పడిందల్లా ఒకటే అంకె, 68. ఒకాయన అనగానే పక్కాయన తల పట్టుకున్నాడు. వెనక నిలబడ్డ కుర్రాళ్లూ అదే అంటున్నారు.

ఆ 68 సంగతి బావ చెప్పాడు. వారం కిందట, మార్చి 29న అట్లాంటాలో సీజన్ మొదటి మ్యాచ్. ఫిలీస్ 5-0తో ముందుంది. వాళ్ల మేటి పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, ఆరన్ నోలా అద్భుతంగా వేస్తున్నాడు. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే ఆరో దాంట్లోనే, 68 బంతులకే, కాప్లర్ వెళ్లి అతన్ని దించేశాడు. మామూలుగా అలాంటి పిచ్చర్ తొంభై, వంద బంతులు వేస్తాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆధిక్యమంతా ఇచ్చేసుకున్నారు. ఆఖరి బంతికి నిక్ మర్కేకిస్ కొట్టిన హోమ్ రన్‌తో, మన సిక్సర్ లాంటి దెబ్బతో, అట్లాంటా 8-5తో గెలిచింది. అక్కడితో అయిపోలేదు. ఇంకో రెండు రోజులకి కాప్లర్ మళ్లీ పిచ్చర్‌ని మార్చబోయాడు, చూస్తే పిలిచిన కొత్త పిచ్చర్ ఇంకా చెయ్యి వేడెక్కించుకోనేలేదు! అంపైర్లు కాస్త సమయం ఇచ్చారని అవతలి మేనేజర్ మండిపడి మైదానం నుంచి బహిష్కరణకు గురయ్యాడు. ఆ మ్యాచ్ 15-2తో పోయింది. సొంతూరికి వచ్చేసరికి జట్టు ఒక్కటి గెలిచి నాలుగు ఓడింది.

బేస్‌బాల్ తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మన క్రికెట్లో కెప్టెన్ మైదానంలో చేసే పనులన్నీ ఇక్కడ మేనేజర్ చేస్తాడు. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్‌కి రావాలి, పిచ్చర్‌ని ఎప్పుడు దించాలి, అంతా ఆయన ఇష్టమే. ఆటగాళ్లు వేసుకునే యూనిఫామే తనూ వేసుకుని డగౌట్‌లో నిలబడతాడు. పిచ్చర్‌ని మార్చాలంటే ఫోన్‌తోనో సైగతోనో సరిపెడితే కుదరదు, అందరూ చూస్తుండగా మైదానం మధ్యకి నడిచి వెళ్లాలి.

మా సీట్లు మూడో బేస్ వైపు, పై అంతస్తులో. ఫిలీస్ డగౌట్ మొదటి బేస్ వైపు కాబట్టి మాకు సరిగ్గా ఎదురుగా కనిపిస్తోంది. ఏప్రిల్ అయినా ఎముకలు కొరికే చలి. నా పక్క సీట్లో దక్షిణ ఫిలడెల్ఫియాకి చెందిన ఒక పెద్దాయన, ఒళ్లో ఉప్పు చల్లిన మెత్తటి ప్రెట్జెల్స్ పొట్లం. నేను ఇండియా నుంచి వచ్చానని తెలియగానే ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

పరిచయాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరి పేరూ చదువుతుంటే వాళ్లు పరుగెత్తుకొచ్చి బేస్‌లైన్ వెంట వరుసగా నిలబడుతున్నారు. కాప్లర్ వంతు వచ్చింది. కండలు తిరిగిన మనిషి, ఒకప్పుడు తనూ ఆటగాడే, 2004లో ప్రపంచ విజేతలైన బోస్టన్ జట్టులో ఉన్నాడు. పేరు పూర్తయ్యేలోపే కింది వరుసల్లో బూ మొదలై పైకి పాకింది. ఈలలు కావు, తిట్లు కావు. గొంతు లోపలి నుంచి ఆగకుండా వచ్చే ఒకే ఒక్క శబ్దం. సీటు పట్టుకుంటే చేతికి తెలుస్తోంది. పక్కనున్న పెద్దాయన లేచి నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, చాలా శ్రద్ధగా బూ అని, మళ్లీ కూర్చుని ప్రెట్జెల్ తుంచుకున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. బావ బూ అనలేదు, చప్పట్లూ కొట్టలేదు.

“ఇంకా ఆట మొదలవలేదు కదండీ, అప్పుడే ఎందుకు?” అని ఆయన్ని అడగకుండా ఉండలేకపోయాను.

ఆయన కాప్లర్ గురించి చెప్పలేదు, 1964 గురించి చెప్పారు. అప్పుడాయనకి పదేళ్లు. ఇంక పన్నెండు మ్యాచ్‌లే ఉండగా ఫిలీస్ లీగ్ పట్టికలో ఆరున్నర గేముల ఆధిక్యంలో ఉంది. ఊరంతా పండగకి సిద్ధమైంది. సెప్టెంబర్ 21న సిన్సినాటి ఆటగాడు చికో రూయిజ్ హోమ్ ప్లేట్ దొంగిలించి, అంటే ఎవరూ బంతిని కొట్టకుండానే మూడో బేస్ నుంచి పరుగెత్తి రన్ తీసి, 1-0తో మ్యాచ్ ఎగరేసుకుపోయాడు. అక్కడ మొదలై వరుసగా పది మ్యాచ్‌లు ఓడారు. సెయింట్ లూయిస్ జట్టు లీగ్ గెల్చుకుపోయింది. అప్పటి మేనేజర్ జీన్ మాక్ కంగారుపడి తన ఇద్దరు మేటి పిచ్చర్లు జిమ్ బన్నింగ్‌నీ క్రిస్ షార్ట్‌నీ రెండేసి రోజుల విశ్రాంతితోనే మళ్లీ మళ్లీ దింపాడు, వాళ్ల చేతులు అలిసిపోయాయి. “మా నాన్న ఆ రాత్రి రేడియో కట్టేశారు, మళ్లీ వసంతం వచ్చేదాకా పెట్టలేదు” అన్నారు పెద్దాయన.

ఆ మాట విన్నాక నాకు ఆ బూ వేరేగా వినిపించింది. ఒక మేనేజర్ పిచ్చర్లని మరీ ఎక్కువ వాడి ముంచాడు. యాభై నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఈయన మరీ తక్కువ వాడుతున్నాడు. కాప్లర్ దగ్గర కారణం లేకపోలేదు. బ్యాటర్లు ఒకే పిచ్చర్‌ని ఒకే మ్యాచ్‌లో మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బాగా కొడతారని లెక్కలు చెబుతాయి, అది నిజం కూడా. అందుకే మూడో చుట్టు రాకముందే మార్చేయాలని ఆయన పద్ధతి. ఆ లెక్క ఏడాదిలో 162 మ్యాచ్‌లకి కలిపి వేసినది. ఈ చలిలో వచ్చి కూర్చున్నవాళ్లు కొన్న టికెట్ మాత్రం ఒక్క మ్యాచ్‌కే. ఆయన ఆ 162 చూస్తాడు, జనం ఈ సాయంత్రాన్ని చూస్తారు, దాని వెనకాల తాతతండ్రుల సాయంత్రాల్నీ చూస్తారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేననను. కానీ నిర్ణయం తీసుకున్నాక బూ అనడం వేరు, మనిషి మొహం చూడగానే అనడం వేరు. రెండోది నాకు అన్యాయంగానే తోచింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఆట మయామీ మార్లిన్స్‌తో. ఫిలీస్ తరఫున నిక్ పివెటా వేశాడు, చక్కగా వేశాడు, ఒక్క రన్ ఇవ్వలేదు. ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి మా వరుసలో మాటలు ఆగిపోయాయి. అందరి చూపూ డగౌట్ మెట్ల మీదే. నాకూ టెన్షన్ పట్టుకుంది. అనుకున్నట్టే కాప్లర్ మెట్లెక్కి బయటికొచ్చాడు.

ఆ నడక నా కళ్లముందు ఇంకా ఉంది. పరుగూ కాదు, నింపాదీ కాదు. సుద్దగీత దాటి, పచ్చిక మీదుగా, పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ దాకా. మా చుట్టూ మళ్లీ బూ లేచింది. ఆయన తలెత్తలేదు, దించనూ లేదు. పివెటా బంతిని ఆయన అరచేతిలో పెట్టాడు. ఆయన కుర్రాడి వీపు తట్టి ఏదో చెప్పాడు. కుర్రాడు డగౌట్‌కి తిరిగొస్తుంటే స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య మేనేజర్ బంతి పట్టుకుని ఒక్కడే దిబ్బ మీద కొత్త పిచ్చర్ కోసం ఎదురుచూశాడు. ఇంతమంది బూ అంటున్నప్పుడు అక్కడ నిలబడటానికి ఎంత గుండె కావాలో! నాకైతే ఆ మనిషి మీద గౌరవం అక్కడే పుట్టింది.

కొత్తవాడు వచ్చాడు, ఇన్నింగ్స్ ముగిసింది, రన్ రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ ఇవ్వలేదు. ఫిలీస్ 5-0తో గెలిచింది. పెద్దాయన చివరిదాకా ఉండి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టి, మా ఇద్దరికీ చేయి కలిపి వెళ్లారు. ఒక్క రోజు విరామం తర్వాత అదే మయామీని ఫిలీస్ 20-1తో చిత్తు చేసింది. బూ అన్నవాళ్లే ఆ రోజు ఎగిరి గంతులేశారని బావ చెప్పాడు.

తిరుగు రైల్లో బావ చార్లీ మాన్యుయెల్ కథ చెప్పుకొచ్చాడు. 2004 చివర్లో మాన్యుయెల్‌ని మేనేజర్‌గా పెట్టినప్పుడు ఊరికి నచ్చలేదు. జనం ఇంకో మేనేజర్ జిమ్ లీలాండ్‌ని కోరుకున్నారు. మాన్యుయెల్ మాట నెమ్మది, పల్లెటూరి యాస. రేడియోలో రోజూ వెక్కిరింపులే. 2007 ఏప్రిల్‌లో ఒక రేడియో వ్యాఖ్యాతతో కొట్లాట దాకా వెళ్లింది. ఆ జూలైలోనే ఫిలీస్ పదివేల ఓటముల మైలురాయి దాటింది, అప్పటిదాకా అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లో ఏ జట్టూ అన్ని ఓడలేదు. ఆ సెప్టెంబర్‌లో మాత్రం 1964 తిరగబడినట్టైంది. పదిహేడు మ్యాచ్‌లు మిగిలుండగా ఏడు గేములు ముందున్న న్యూయార్క్ మెట్స్‌ని దాటి ఫిలీస్ డివిజన్, అంటే లీగ్‌లో తమ గ్రూపు, గెలిచింది. మరుసటి ఏడాది అక్టోబర్ 10న, కీలకమైన సిరీస్ మధ్యలో, మాన్యుయెల్ తల్లి చనిపోయారు. ఆ రోజే ఆయన డగౌట్‌లో నిలబడి మ్యాచ్ నడిపించి గెలిపించాడు. ఆ నెలాఖరుకి వరల్డ్ సిరీస్ కప్పు, బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దది, వచ్చింది. 2013 ఆగస్టులో ఆయన్ని తీసేసినప్పుడు బాధపడినవాళ్లలో ఒకప్పుడు వెక్కిరించినవాళ్లే ఎక్కువ, బావతో సహా.

కాప్లర్‌కి ఆ అదృష్టం దక్కలేదు. 2018 ఆగస్టు మొదట్లో జట్టు డివిజన్‌లో ముందుండి కూడా చివరికి 80 గెలిచి 82 ఓడింది. 2019లో స్టార్ ఆటగాడు బ్రైస్ హార్పర్‌ని పదమూడేళ్లకు 33 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నా 81-81. ఆ అక్టోబర్ 10న కాప్లర్‌ని తీసేశారు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌ని 107 విజయాలతో నడిపించి ఆ లీగ్‌లో మేటి మేనేజర్ అవార్డు తీసుకున్నాడు. ఆ వార్త చూడగానే బావకి పంపాను.

2024లో వాంఖెడేలో ముంబయి జనం తమ కెప్టెన్ హార్దిక్ పాండ్యా మీద టాస్ దగ్గరే గోల చేశారు. మర్యాదగా ఉండమని సంజయ్ మంజ్రేకర్ మైకులో చెప్పాల్సి వచ్చింది. టీవీలో చూస్తుంటే ఆ ఫిలడెల్ఫియా చలే గుర్తొచ్చింది. జూన్‌లో ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్ వేసి గెలిపించాక, అదే వాంఖెడే అతని పేరు జపించింది. ఆటగాడి చేతిలో బంతి ఉంటుంది, అతను తిరిగి గెలుచుకోగలడు.

ఫిలడెల్ఫియా జనం కూడా అలాంటి పని ఒకటి చేశారు. పదకొండేళ్లకు 30 కోట్ల డాలర్లు తీసుకుని వచ్చిన ట్రే టర్నర్ 2023లో అస్సలు ఆడలేకపోయాడు, బూ తిన్నాడు. ఆగస్టు 4న మాత్రం అతను బ్యాటింగ్‌కి రాగానే స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. అతను మళ్లీ దంచడం మొదలుపెట్టాడు. ఊళ్లో హోర్డింగులు కొని జనానికి కృతజ్ఞతలు చెప్పాడు. బావ ఆ వీడియో పంపితే, “కాప్లర్‌కి కూడా ఒక్క రోజు ఇలా చేసుండాల్సింది కదా బావా” అని రాశాను.

“వీడు కొడితే అందరికీ కనిపిస్తుంది. మేనేజర్ చేసింది ఎవరికి కనిపిస్తుంది?” అని జవాబొచ్చింది.

నాకా జవాబు నచ్చలేదు. ఆ రోజు ఆరో ఇన్నింగ్స్‌లో బావ పక్కనే కూర్చుని చూశాను, కనిపించింది.