అత్తయ్యతో పోర్ట్ ఫెయిరీ పాటల పండక్కి

మెల్‌బోర్న్ నుంచి పడమటకి వెళ్ళే రైలు వార్నంబూల్‌తో ఆఖరు. పోర్ట్ ఫెయిరీ అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు అక్కడిదాకా పట్టాలుండేవి. 1890లో వేసిన ఆ లైనుని 1977లో మూసేశారు. సరిగ్గా అదే ఏడాది ఆ ఊళ్ళో జానపద సంగీత ఉత్సవం మొదలైంది. రైలు పోతేనేం, కొవిడ్ అడ్డుపడినప్పుడు తప్ప జనం మాత్రం ఏటా మార్చిలో బస్సుల్లో, కార్లలో, కారవాన్లలో వస్తూనే ఉన్నారు. మూడు వేల పైచిలుకు జనాభా ఉన్న చేపల రేవు ఆ వారాంతంలో కాలు పెట్టే సందు లేకుండా అయిపోతుంది.

మార్చి రెండో సోమవారం విక్టోరియా రాష్ట్రంలో లేబర్ డే సెలవు. 1856లో మెల్‌బోర్న్ తాపీమేస్త్రీలు రోజుకి ఎనిమిది గంటలే పని చేస్తామని పనిముట్లు కింద పెట్టి, ఊరేగింపుగా వెళ్ళి సాధించుకున్నదానికి గుర్తు. వాళ్ళ పుణ్యమా అని మనకి లాంగ్ వీకెండ్. మావారికి మాత్రం ఆ సోమవారం కూడా ఏదో రిలీజ్ ఉందట, రానన్నారు. (మేస్త్రీలు చూస్తే ఏమనుకునేవారో.) ఇండియా నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న అత్తయ్య "నేనొస్తా పద" అన్నారు. సంగీతం మీద మోజుతో కాదు, నాలుగు గోడలూ చూసీ చూసీ విసుగెత్తి. "సముద్రం గాలి, చలి ఎక్కువట అత్తయ్యా" అన్నాను. రెండు స్వెటర్లు, మంకీ క్యాపు, కాఫీ ఫ్లాస్కు సర్దేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

వార్నంబూల్‌లో దిగి బస్సెక్కాం. ఊరు దాటగానే కుడిచేతి వైపు టవర్ హిల్ వస్తుంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు, ఇప్పుడు నీళ్ళు నిండిన చెరువు. 1892లోనే దాన్ని విక్టోరియాలో మొదటి నేషనల్ పార్కుగా ప్రకటించారు. అప్పటికే చెట్లన్నీ కొట్టేసి పశువుల్ని మేపేసి బోడి చేసేశారు. తర్వాతెప్పుడో 1960ల్లో మళ్ళీ అడవి పెంచుదామనుకున్నప్పుడు, యూజీన్ వాన్ గెరార్డ్ అనే చిత్రకారుడు 1855లో వేసిన ఒక పెయింటింగ్ దొరికింది. ఆకూ కొమ్మా తేడా తెలిసేంత శ్రద్ధగా వేశాడాయన. అందులో ఏ చెట్టు ఎక్కడుందో చూసుకుని మొక్కలు నాటారు. "బొమ్మ చూసి అడవి వేశారా!" అని అత్తయ్య కిటికీకి అతుక్కుపోయారు.

దాటితే కిలార్నీ. పేరు చూస్తేనే ఐర్లండ్ అని తెలిసిపోతుంది. లోపలికి వెళ్తే కొరాయిట్. అగ్నిపర్వతం బూడిదతో నల్లగా, మెత్తగా ఉండే నేల. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టి కరువు మొదలయ్యాక వచ్చినవాళ్ళు చాలామంది ఈ చుట్టుపక్కల కుదురుకున్నారు. దుంప కుళ్ళిపోతే ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళు, ఇక్కడా దుంపే వేశారు. పోర్ట్ ఫెయిరీకి కూడా చాలాకాలం బెల్‌ఫాస్ట్ అనే పేరుండేది. 1843లో జేమ్స్ అట్కిన్సన్ అనే సిడ్నీ లాయరు ఇక్కడ 5,120 ఎకరాలు ఒక్కచేతి మీద కొనేసి, ప్లాట్లు వేసి అద్దెలకిచ్చి, ఐర్లండ్ ఊరి పేరు పెట్టాడు. 1887లో పాత పేరు తిరిగొచ్చింది. ఈ ప్రాంతంలో ఫిడేలు ఎందుకంత వినిపిస్తుందో నాకు ఆ బస్సులోనే సగం అర్థమైంది.

ఊరు చిన్నది. నల్లరాయి ఇళ్ళు, వీధికి రెండు పక్కలా బారులు తీరిన నార్‌ఫోక్ పైన్ చెట్లు, మోయిన్ నది ఒడ్డున కట్టేసిన పడవలు. పెద్ద కళాకారుల కచేరీలు సౌత్‌కోంబ్ పార్కులో వేసిన గుడారాల్లో జరుగుతాయి, వాటికి టికెట్టు, చేతికి పట్టీ. మెయిన్ రోడ్డు మీద జరిగేదంతా ఉచితం. అక్కడ ఒక మూల బడిపిల్లలు యుకలేలీలు (బుల్లి గిటార్లు) వాయిస్తుంటే, ఇంకోమూల కాళ్ళకి గజ్జెల్లాంటివి కట్టుకుని కర్రలు కొడుతూ మోరిస్ డాన్సు చేసేవాళ్ళు. ఒక పెద్దాయన చేతిలో చీపురుకర్రంత కర్ర, దానికి పైనుంచి కిందదాకా బీరు సీసా మూతలు వదులుగా మేకులతో బిగించి ఉన్నాయి. నేలకేసి కొడితే ఝల్లుమంటుంది, గాట్లు పెట్టిన చిన్న పుల్లతో రాస్తే గరగరమంటుంది. లాగర్‌ఫోన్ అంటారట. అత్తయ్య దాని కింది కొన తిప్పి చూశారు, రబ్బరు బూటు తొడిగి ఉంది. "పనికిరానిదేదీ పారేయలేదన్నమాట" అన్నారు మెచ్చుకోలుగా.

కాసేపటికి ఆవిడకి అసలు సందేహం వచ్చింది. "వీళ్ళందరికీ డబ్బులెవరిస్తారమ్మాయ్?"

గుడారాల్లో పాడేవాళ్ళకి టికెట్ల డబ్బులోంచి ఇస్తారు. మిగతాదంతా ఊరే మోస్తుంది. గేటు దగ్గర పట్టీలు చూసేవాళ్ళు, కార్లు ఎక్కడ పెట్టాలో చేతులూపేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళు, అంతా వాలంటీర్లే. తిండి స్టాళ్ళు కొన్ని ఊళ్ళో క్లబ్బులవాళ్ళు పెట్టుకున్నవి, ఆ లాభంతో వాళ్ళ ఏడాది ఖర్చు గడుస్తుంది. మాకు దారి చెప్పిన ఎర్ర జాకెట్టావిడ "నా డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది, తర్వాత పబ్బు వెనక పెరట్లోకి రండి" అంది. నేను మర్యాదకి అంటోందనుకున్నాను.

పబ్బు అనగానే అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయారు. "తాగేవాళ్ళ మధ్యకా?" లోపల ఒకమ్మాయి పసిబిడ్డని చంకనేసుకుని కనిపించేసరికి ధైర్యం చేశారు. పెరట్లో రెండు బల్లలు దగ్గరికి లాగి చుట్టూ ఓ పదిమంది కూర్చున్నారు. మైకు లేదు, స్టేజీ లేదు, వినేవాళ్ళకని కుర్చీలూ లేవు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తారు, మనం వాళ్ళ వీపుల వెనక నిలబడి వినాలి. ఇలా కలిసి కూర్చుని వాయించుకోవడాన్నే సెషన్ అంటారు. నా ఉద్దేశంలో ఈ పండగలో గుడారాల టికెట్టు లేకపోయినా పర్వాలేదు గానీ ఇది మాత్రం చూడకుండా రాకూడదు.

మాకు దగ్గరగా ఉన్న ముసలాయన ఫిడేలు మీద, కమానుకి రాసే రోజిన్ పొడి తెల్లగా అట్టకట్టి ఉంది, తుడిచిన పాపాన పోలేదు. కమాను వెంట్రుకలు రెండు మూడు తెగి గాల్లో ఆడుతున్నాయి. ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా మొదలుపెట్టాడు. రెండు వరుసలు వినగానే టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి ఊదే అమ్మాయి అందుకుంది, ఆ తర్వాత కన్సర్టీనా అనే బుల్లి చేతి హార్మోనియం, గిటారు. మామూలుగా ఒక్కో ట్యూన్‌కి రెండు భాగాలు, భాగానికి ఎనిమిది బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటివి), ప్రతిదీ రెండేసిసార్లు. ఈ 32 బార్లనీ మూడుసార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. దూకే ముందు ముసలాయన కనుబొమ్మలెగరేసి "హప్!" అంటాడు, అంతే. ట్యూన్లలో రకాలున్నాయి: జిగ్ అయితే తకిట తకిట నడక, రీల్ అయితే తకధిమి. నేను లెక్క కట్టేలోపే అత్తయ్య వేళ్ళు తొడ మీద పడుతున్నాయి. "ఇది తిశ్రమేనే" అన్నారు నావైపు చూడకుండా.

అక్కడ ఎవరూ చెప్పని నియమాలు బోలెడున్నాయి. రాని ట్యూన్‌లో చెయ్యి పెట్టకూడదు. బోద్రాన్ అనే మేకతోలు డప్పు ఒకరు వాయిస్తుంటే రెండోవాళ్ళు ఆగాలి. సంచిలోంచి తన బోద్రాన్ తీసి ఒక కుర్రాడు చాలాసేపు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. మొదటాయన బీరు కోసం లేస్తూ భుజం తడితేగానీ మొదలుపెట్టలేదు. ఎవరైనా పాట ఎత్తుకుంటే వాయిద్యాలన్నీ కిందికి దిగిపోతాయి.

నాలుగున్నరకి ఎర్ర జాకెట్టావిడ నిజంగానే వచ్చింది. జాకెట్టు విప్పి కుర్చీకి తగిలించి, నిలబడే పాడింది. శ్రుతి కూడా లేకుండా వట్టి గొంతు. రేవులో ఓడ, ఒడ్డున తల్లి, మళ్ళీ చూస్తానో లేదో అనే పాట. పల్లవి వచ్చినప్పుడల్లా పెరడంతా కలిసింది. నేను అత్తయ్య చెవిలో అర్థం చెప్తున్నాను.

"అంటే వీళ్ళూ మనలాగే వచ్చినవాళ్ళేనా?"

"వీళ్ళ ముత్తాతలు అత్తయ్యా."

"మరి వాళ్ళమ్మలకి వీడియో కాల్ కూడా లేదు పాపం" అన్నారు.

ఆ రాత్రి ఒక హాల్లో బుష్ డాన్స్. పాత కాలంలో గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో పని అయ్యాక వేసుకున్న గంతులు. స్టేజి మీద బ్యాండుతోపాటు కాలర్ అని ఒకావిడ ఉంటుంది, ఏ అడుగు తర్వాత ఏ అడుగో ముందే కేకేసి చెప్తుంది. మొదట "క్లిక్ గో ద షియర్స్" అందరూ గొంతు చించుకుని పాడారు. పక్కా ఆస్ట్రేలియా పాట అని చెప్పుకునే దాని వరస అమెరికా సివిల్ వార్ నాటి పాట నుంచి తెచ్చుకున్నదే, ఆ మాట ఎవరికీ పట్టినట్టు లేదు. తర్వాత హీల్ అండ్ టో పోల్కా. మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు, పక్కకి జారు. మళ్ళీ వెనక్కి అలాగే. ఎదుటివాళ్ళ కుడిచేతికి మూడు చరుపులు, ఎడమచేతికి మూడు, రెండు చేతులకీ మూడు, మోకాళ్ళ మీద మూడు. మోచేతులు కలిపి ఒక చుట్టు తిరిగి, లోపలి వరసవాళ్ళు తర్వాతి మనిషి దగ్గరికి జరిగిపోవాలి.

పదేళ్ళ పిల్ల ఒకతి వచ్చి అత్తయ్య ముందు చెయ్యి చాపింది. నాకు టెన్షన్. మోకాళ్ళ నొప్పులు, చీర, పైగా కాలర్ కేకలు ఒక్క ముక్క అర్థం కావు. ఆవిడ కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి లేచారు. రెండు చుట్లు తడబడ్డారు, మూడో చుట్టుకి ముందువాళ్ళకే దారి చూపిస్తున్నారు. "కోలాటంలో జట్టు మారడం లాంటిదే, కర్రల్లేవంతే" అని రొప్పుతూ వచ్చి కూర్చున్నారు. చరిచీ చరిచీ అరచేతులు కందిపోయాయి. ఫ్లాస్కులో మిగిలిన కాఫీ ఆ పిల్లకి ఇవ్వబోతే నేనే ఆపాను.

ఆదివారం పొద్దున వాన, మధ్యాహ్నం ఎండ, సాయంత్రానికి దక్షిణ సముద్రం మీంచి ఎముకలు కొరికే గాలి. మధ్యాహ్నం ఒక గుడారంలో కూర్చున్నాం. ఈ నేల గుండిచ్‌మారా అనే ఆదివాసీ ప్రజలది. వాళ్ళు ఇక్కడికి దగ్గర్లోనే బుజ్ బిమ్‌లో లావా రాళ్ళతో కాలవలు, మడుగులు కట్టి కనీసం 6,600 ఏళ్ళ క్రితం నుంచే ఈల్ చేపల్ని పెంచారు. 2019లో యునెస్కో గుర్తించింది. అట్కిన్సన్ లాంటివాళ్ళు భూములు కొనుక్కుంటున్న కాలంలోనే వలసవాళ్ళకీ వీళ్ళకీ మధ్య ఏళ్ళ తరబడి నెత్తుటి పోరు నడిచింది. యూమెరాలా యుద్ధం అంటారు దాన్ని. దాని మీద డెబొరా చీతమ్ అనే స్వరకర్త గుండిచ్‌మారా భాషలోనే రాసిన శాంతిగీతాన్ని 2018లో మొదట పాడింది ఈ ఊళ్ళోనే.

గుడారంలో ఒక యువతి గిటారుతో ఆదివాసీ గాయకుడు ఆర్చీ రోచ్ 1990లో విడుదల చేసిన "టుక్ ద చిల్డ్రన్ అవే" పాడింది. ఆర్చీ కుటుంబం వార్నంబూల్ దగ్గర ఫ్రామ్లింగమ్‌లో ఉండేది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి ఎత్తుకెళ్ళి తెల్లవాళ్ళ పెంపకంలో పెట్టే ప్రభుత్వ విధానం నడుస్తున్న రోజులు. ఆయన్ని పసివాడిగా ఉండగానే తీసుకెళ్ళిపోయారు, ఇల్లు కాలి అమ్మానాన్నా పోయారని చెప్పారు. టీనేజీలో ఉండగా అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: అమ్మ ఇప్పుడే పోయింది అని. ఆయన 2022లో వార్నంబూల్‌లోనే చనిపోయాడు. ఈ ప్రాంతంవాళ్ళకి అది రేడియోలో విన్న పాట కాదు. ముందు వరసలో ముసలివాళ్ళు ప్రతి మాటా పెదవులతో కలుపుతున్నారు.

"పిల్లల్ని తీసుకుపోయినవాళ్ళు ఎవరు?" అని అడిగారు అత్తయ్య.

నిన్న ఓడపాట పాడినవాళ్ళ ప్రభుత్వమే అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక నామీదే చూపించారు, "నిన్ననే ఎందుకు చెప్పలేదు?" అని. రెండు పాటలూ ఒకే ఊళ్ళో, ఒకే జనం ముందు, ఒకదాన్నింకోటి చెరపకుండా వినిపించడమే నాకు ఈ ఉత్సవంలో నచ్చింది. అత్తయ్యకి అంత సులువుగా నచ్చలేదు, సాయంత్రందాకా ఆ సంగతే మాట్లాడారు.

చీకటి పడేముందు గ్రిఫిత్స్ ఐలండ్‌కి నడిచాం. 1859లో కట్టిన లైట్‌హౌస్ ఉందక్కడ. షియర్‌వాటర్ పక్షులు, ఇక్కడివాళ్ళు మటన్‌బర్డ్స్ అంటారు, నేలలో బొరియలు చేసుకుని పిల్లల్ని పెంచుతాయి. పగలంతా సముద్రం మీద తిరిగి రాత్రికి మేత తెస్తాయి, ఏప్రిల్లో అలాస్కా వైపు వెళ్ళిపోయి సెప్టెంబరుకి మళ్ళీ వస్తాయి. నాలుగైదు కనిపించాయి, గాలికి కళ్ళు తెరవలేక వెనక్కొచ్చేశాం. "వీటికి వీసా అక్కర్లేదు" అన్నారు అత్తయ్య.

వెళ్ళాలనుకునేవాళ్ళు రూములు చాలా ముందుగా చూసుకోవాలి. మాకు ఊళ్ళో దొరకలేదు, వార్నంబూల్‌లో ఉండి రోజూ తిరిగాం. రాత్రి బస్సు వేళలు ముందే కనుక్కోండి, లేకపోతే డాన్సు మధ్యలో లేవాల్సి వస్తుంది. చలికోటు మార్చిలో ఎందుకని ఇంట్లో వదిలేయకండి.

తిరుగు రైల్లో నా ఫోన్‌లో కొరాయిట్ సంగతి వెతికి అత్తయ్యకి చూపించాను. అక్కడ జనవరి మొదట్లో లేక్ స్కూల్ అని ఒకటి నడుపుతున్నారు, ఐరిష్ పాటలు, వాయిద్యాలు, అడుగులు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నేర్పుతారు. అత్తయ్య వీసా అక్టోబరుదాకానే. కాసేపు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, "దసరాకి వెళ్ళి, క్రిస్మస్‌కి మళ్ళీ వచ్చేస్తే కుదురుతుందా? అబ్బాయిని టికెట్టు రేటు చూడమను" అన్నారు.